ఫ్రిజ్‌లో ఖైమా: ఉప్పు దేన్ని కాపాడుతుంది, దేన్ని చెరుపుతుంది

కర్నూలు పాతబస్తీలో గానీ, కడపలో గానీ, అనంతపురంలో గానీ ఆదివారం పొద్దున కిలో ఖైమా కొట్టించుకుని వచ్చిన ఇంట్లో అదంతా ఆ పూటే పొయ్యెక్కదు. సగం కూరకు పోతుంది. మిగిలిన సగం బుధవారానికో, గురువారానికో అని ఫ్రిజ్‌లోకి చేరుతుంది. పెట్టేముందు చాలామంది దానికి పసుపూ ఉప్పూ పట్టిస్తారు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: ఉప్పు పడితే చెడదు.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. సీమ ఇళ్లలో ఉప్పుకండ తెలియని ముసలివాళ్లుండరు. పొట్టేలు కోసిన రోజు తినగా మిగిలిన కండను పొడుగాటి పేలికలుగా కోసి, పసుపూ ఉప్పూ దట్టంగా రుద్ది, దారానికి దండలా గుచ్చి ఎండకు కట్టేవాళ్లు. మూడు నాలుగు ఎండలకు అది బెల్టు ముక్కలా బిగుసుకుపోతుంది. కుండలో పెట్టి మూతికి గుడ్డ కడితే నెలల తరబడి ఉంటుంది. ఫ్రిజ్ లేని కాలంలో నిలవ మాంసం అంటే అదే. ఊరగాయలదీ, ఎండు చేపలదీ ఇదే దారి. కాబట్టి ఉప్పు మాంసాన్ని కాపాడుతుందన్నది తరాల అనుభవం. కాదనడానికి లేదు.

చిక్కల్లా ఆ అనుభవాన్ని ఉప్పుకండ నుంచి ఎత్తి ఫ్రిజ్‌లోని ఖైమా మీద పెట్టడంలో ఉంది. అక్కడ పనిచేసిన ఉప్పు మోతాదు వేరు, దానికి తోడైన ఎండ వేరు, అది ఆపిన శత్రువు వేరు. ఖైమాకు ఇంట్లో వేసే ఉప్పు ఆ శత్రువును పెద్దగా ఆపదు. పైగా ఇంకో శత్రువుకు తలుపు తీస్తుంది. రుచికి సరిపడా ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన ఖైమాలో కొవ్వు, ఉప్పు లేని ఖైమాలో కన్నా త్వరగా ముక్కిపోతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా, మాంస రసాయనశాస్త్రంలో ఇది పాత సంగతే.

ముందు లెక్క చూద్దాం. కిలో ఖైమాకు ఇళ్లలో వేసే ఉప్పు పదిహేను గ్రాముల చుట్టూ ఉంటుంది, అంటే రెండున్నర చిన్న చెంచాలు. కిలో మాంసంలో దాదాపు 700 గ్రాములు నీరే. ఆ నీటిలో పదిహేను గ్రాముల ఉప్పు కరిగితే రెండు శాతం ఉప్పునీరు అవుతుంది. సూక్ష్మజీవులకు అందే నీటిని కొలిచే కొలమానం ఒకటుంది. దాన్ని నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. రెండు శాతం ఉప్పునీటికి 0.98కి కాస్త పైన. మాంసాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం పెరగడం మానాలంటే అది 0.91 దాకా దిగాలి. ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటికి అది 0.75. ఉప్పుకండలో దట్టమైన ఉప్పూ ఎండా కలిసి నీటిని ఆ వైపుకు తోస్తాయి. ఖైమాలో రెండు శాతం ఉప్పునీరు సూక్ష్మజీవులను కొంచెం మందగింపజేస్తుందేమో గానీ ఆపలేదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా అయితే పది శాతం ఉప్పులోనూ, ఫ్రిజ్ చలిలోనూ పెరగగలదు.

ఇంతకీ మాంసం చెడడం అంటే ఏమిటి? ముక్కుకు తెలిసే తేడాతో మొదలుపెట్టవచ్చు. పచ్చి మాంసం నుంచి పుల్లగానో, కుళ్లుగానో, మురుగ్గానో వాసన వచ్చి, ముట్టుకుంటే జిగురు తగిలితే అది సూక్ష్మజీవుల పని. అలాకాక, మూత తీయగానే పాత నూనె డబ్బా వాసనో, తడిసి ఆరిన అట్టపెట్టె వాసనో వస్తే అది కొవ్వు ముక్కిపోయిన గుర్తు. అనంతపురం జిల్లాలో ఈ వాసన పోల్చడానికి పుస్తకాలు అక్కర్లేదు. పోయినేటి శెనక్కాయ విత్తనాలు, కర్నూలు వైపు బుడ్డలనేవి, పగలగొట్టిన పప్పుగా సంచిలో మిగిలిపోయి ఎండాకాలం గడిచాక నోట్లో వేసుకుంటే నాలుక వెనక తగిలే ఆ చేదు కలిసిన వాసనే ఇది. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రం పుస్తకంలో 'ముక్కిపోవడం' అన్న మాట కింద చదువుకున్నదీ ఇదే. చిప్స్ పాకెట్లలో నైట్రోజన్ నింపేది దీనికి భయపడే.

ఈ రెంటితో కలిపేయకూడని మూడో వాసన ఒకటుంది: పొట్టేలు వాసన. గొర్రె, మేక కొవ్వులో కొమ్మలు చీలిన కొవ్వు ఆమ్లాలు కొన్ని ఉంటాయి. ముదురు పొట్టేలులో అవి ఎక్కువ. ఆ వాసన తాజా మాంసంలోనూ ఉంటుంది, చెడిన గుర్తు కాదు. 'మటన్ వాసనొస్తోంది' అనే ఫిర్యాదుల్లో ఈ మూడూ కలిసిపోవడం వల్లే సగం గందరగోళం.

ఫ్రిజ్ చేసే పనిని ఇప్పుడు చూడాలి. మాంసంలో రెండు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి సూక్ష్మజీవులది, రెండోది కొవ్వుది. మే నెలలో కర్నూలు వంటింటి వేడిలో బ్యాక్టీరియా అరగంటకోసారి రెట్టింపు కాగలదు. నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో ఈ.కోలై లాంటివి పెరగడం దాదాపు మానేస్తాయి. చలికి అలవాటుపడిన సూడోమోనాస్ వంటివి కూడా మందగిస్తాయి. కొవ్వు గడియారం అంత మాట వినదు. రసాయన చర్య వేగం పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా సుమారుగా సగమవుతుందనేది మోటు లెక్క. ఆ లెక్కన నలభై డిగ్రీల నుంచి నాలుగుకు దిగితే పన్నెండో వంతు దగ్గరికి వస్తుందే తప్ప ఆగిపోదు. బయట పెట్టిన మాంసంలో కొవ్వు ముక్కే దాకా ఎవరూ ఎదురుచూడరు, అంతకు ముందే కుళ్లుతుంది. ఫ్రిజ్ వచ్చాక మొదటి గడియారం బాగా మందగించింది కాబట్టి రెండోదాని టిక్కుటిక్కు వినపడడం మొదలైంది. ముక్కిన మాంసం ఫ్రిజ్ కాలపు సమస్య అనడం అందుకే.

అయితే మటన్ ముక్కల కన్నా ఖైమాకే ఈ బెడద ఎందుకెక్కువ? తొడ కండ ముక్కలో కొవ్వు, కండ ఎక్కడివక్కడ కణాల గోడల మధ్య భద్రంగా ఉంటాయి. గాలి తగిలేది పైపొరకే. ఖైమా కొట్టడమంటే ఆ గోడలన్నీ కూల్చడం. లోపలి ఎర్ర వర్ణకం, ఇనుము, కొవ్వు, గాలి అన్నీ ఒకచోట కలుస్తాయి. మొద్దు మీద కత్తితో కొట్టిన ఖైమాలో పలుకు పెద్దది. మర నుంచి రెండుసార్లు దూరి వచ్చినదాంట్లో పలుకు చిన్నది, గాలి ఎక్కువ, రాపిడికి వేడీ ఎక్కువ. కొట్టువాడు ఓపిగ్గా కత్తితో కొట్టి ఇస్తే రుచి బాగుంటుందన్న పెద్దల మాటలో కొంత చాదస్తం ఉన్నా, నిలవ విషయంలో మాత్రం వాళ్ల వైపే మొగ్గాలి.

ముక్కిపోవడం గడ్డివామికి నిప్పంటుకున్నట్టు జరుగుతుంది. ఒక నిప్పురవ్వ చాలు, తర్వాత మంటే మంటను పుట్టిస్తుంది. కొవ్వు ఆమ్లాల్లో జంట బంధాలు ఎక్కువున్నవి ఎండుగడ్డి లాంటివి. వాటి నుంచి ఒక హైడ్రోజన్ ఊడితే ఫ్రీ రాడికల్ అనే నిలకడలేని ముక్క మిగులుతుంది. దానికి గాలిలోని ఆక్సిజన్ అంటుకుంటుంది. అది పక్కనున్న కొవ్వు ఆమ్లం నుంచి ఇంకో హైడ్రోజన్ లాక్కుంటుంది. గొలుసు నడుస్తూ పోతుంది. ఈ దశలో తయారయ్యే పెరాక్సైడ్లకు వాసన లేదు. అవి విరిగి హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లు పుట్టినప్పుడే ముక్కుకు అందుతుంది. అంటే వాసన వచ్చేసరికి మంట ఎప్పుడో మొదలై ఉంటుంది.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. మటన్‌లో కనిపించే తెల్లటి గట్టి కొవ్వే ముక్కుతుందని అనుకుంటారు. నిజానికి ఆ కొవ్వులో సంతృప్త ఆమ్లాలు ఎక్కువ, అది కొంత నిలకడగలదే. మంట ముందు అంటుకునేది కంటికి కనపడని కొవ్వుకు: కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లకు. అందుకే కొవ్వంతా తీసేయించి కొట్టించిన 'లీన్' ఖైమా కూడా ముక్కిపోతుంది.

నిప్పురవ్వ ఎక్కడిది? ముఖ్యంగా ఇనుముది. కండకు ఎర్రరంగు ఇచ్చే మయోగ్లోబిన్‌లో ఇనుము ఉంది. ప్రొటీన్ల చేతిలో కట్టేసి ఉన్నంతవరకు అది బుద్ధిగా ఉంటుంది. విడిపడిందా, పెరాక్సైడ్లను ముక్కలు చేసి కొత్త రాడికల్స్ పుట్టిస్తుంది. ఎర్రటి మటన్‌లో ఇనుము ఎక్కువ, కోడి రొమ్ము కండలో తక్కువ. కోడి కొవ్వులో మాత్రం జంట బంధాలు ఎక్కువ. అందుకని, రొమ్ము కన్నా ఇనుము ఎక్కువుండే కోడి తొడల ఖైమా రెండు రకాలుగానూ నష్టపోయే సరుకు.

ఉప్పు రంగంలోకి దిగేది ఇక్కడే. అది చేసే పని ఒకటి కాదు. సోడియం క్లోరైడ్ ప్రొటీన్లు పట్టుకున్న ఇనుమును ఊడదీసి వదులుతుందని ఒక వివరణ. 1991లో కానర్ బృందం ఖైమా చేసిన టర్కీ కోడి కండ మీద ఉప్పు ప్రభావాన్ని చూపిన పరిశోధన ఈ దారిలోదే. రెండో పని, కండలో పుట్టుకతో ఉండే కాపలాదారులను బలహీనపరచడం. పెరాక్సైడ్లను నిర్వీర్యం చేసే కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు ప్రాణం పోయాక కూడా మాంసంలో కొన్నాళ్లు పనిచేస్తూనే ఉంటాయి. ఉప్పు సమక్షంలో వాటి చురుకు తగ్గుతుంది. మూడోది కళ్లకు కనపడేది: ఎర్రటి వర్ణకం గోధుమరంగు మెట్‌మయోగ్లోబిన్‌గా మారడాన్ని ఉప్పు తొందరపెడుతుంది. కణాల పొరలను ఉప్పు మరింత చెదరగొడుతుందనేది దీనికి తోడు. వీటిలో ఏది ఎంత వాటా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఫలితం మీద మాత్రం పెద్ద తగాదా లేదు. అర శాతం నుంచి రెండు శాతం దాకా, అంటే సరిగ్గా మన నాలుక కోరే మోతాదులో, ఉప్పు పచ్చి ఖైమాలో ఆక్సీకరణను, అంటే కొవ్వుకు ఆక్సిజన్ అంటుకుని ముక్కడాన్ని, పెంచుతుంది. ఇంకా ఎక్కువ ఉప్పు వేస్తే ప్రభావమూ అదే లెక్కన పెరుగుతూ పోదు. ఒక దశ దాటాక వంపు తిరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి అది ఖైమా కాదు, ఉప్పుకండే.

దీన్ని ప్రయోగశాలలో కొలిచే తీరు ముచ్చటగా ఉంటుంది. ముక్కిన కొవ్వులో మలోండైఆల్డిహైడ్ అనే పదార్థం తయారవుతుంది. థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేస్తే అది గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే మాంసం అంత ముక్కినట్టు. 532 నానోమీటర్ల కాంతి దగ్గర ఆ చిక్కదనాన్ని చదువుతారు. 1960లో టార్లాడ్గిస్ బృందం స్థిరపరచిన స్వేదన పద్ధతి నుంచి ఇప్పటిదాకా మాంస పరిశోధనలో ఇదే వాడుక కొలత. కిలో మాంసంలో అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దగ్గర తర్ఫీదు పొందిన ముక్కు పంది మాంసంలో తేడా పట్టేస్తుందని ఆ రోజుల్లోనే తేల్చారు. కిలోలో మిల్లీగ్రాము అంటే పదిలక్షల్లో ఒక వంతు. ముక్కు గొప్పదనం అది.

ప్రయోగశాల లేకుండా వంటింట్లోనూ చూసుకోవచ్చు. పావుకిలో తాజా ఖైమాను రెండు భాగాలు చేసి, ఒకదానికి అర చెంచాకు కొంచెం తక్కువగా ఉప్పు కలిపి, రెండోదాన్ని అలాగే వదిలి, ఒకే రకం రెండు స్టీలు డబ్బాల్లో ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి. మర్నాటికే తేడా కనపడుతుంది. ఉప్పు లేనిది పైన ఎర్రగా, లోపల ముదురు ఊదాగా ఉంటుంది. ఆ ఊదా చూసి పాడైందని పారేయనక్కర్లేదు, గాలి తగలని మయోగ్లోబిన్ రంగే అంత, విప్పి పెడితే కాసేపటికి ఎరుపెక్కుతుంది. ఉప్పు కలిపింది ఇటుక రంగు దాటి గోధుమకు తిరుగుతుంటుంది. చెంచాతో లేపితే పలుకులు విడివిడిగా రావు, ముద్దగా బంకలా సాగుతాయి. రెండో రోజు రెంటినీ విడివిడిగా, ఏ మసాలా లేకుండా, పెనం మీద రెండు చుక్కల నీళ్లతో ఉడికించి ఆవిరి వాసన చూస్తే ముక్కు తీర్పు చెబుతుంది. మసాలాతో వండితే ఈ తేడా కనపడకుండా పోతుంది. ఉప్పు కలిపిన ఖైమా మీద ఇన్నాళ్లూ ఫిర్యాదు రాకపోవడానికి అల్లం వెల్లుల్లే పూచీ.

ఆ బంకతనం గురించి ఒక మాట. ఉప్పు కండలోని మయోసిన్ ప్రొటీన్‌ను కరిగించి బయటకు లాగుతుంది. సీఖ్ కబాబ్ ఇనుప చువ్వను అంటిపెట్టుకుని ఉండడానికీ, ఖైమా ఉండలు పులుసులో విచ్చిపోకుండా ఉండడానికీ కావలసిన జిగురు అదే. కాబట్టి ఖైమాకు ఉప్పు వద్దనడం కాదు, ఎప్పుడన్నదే ప్రశ్న. చువ్వకు పట్టించే అరగంట ముందు కలిపితే జిగురూ వస్తుంది, కొవ్వుకు ముక్కే వ్యవధీ ఉండదు. మూడు రోజుల ముందు కలిపితే జిగురు అవసరానికి మించి పెరిగి కబాబు రబ్బరు ముక్కవుతుంది, వాసనా మారుతుంది. షామీ కబాబుకు ఈ గొడవ లేదు. మాంసం, శనగపప్పు ఉడికించాకే రుబ్బుతారు కాబట్టి దాన్ని పట్టి ఉంచేది పప్పే.

డీప్ ఫ్రీజర్‌లో పెడితే బాధ తీరుతుందనుకుంటారు. ఉప్పు విషయంలో అక్కడ ఇంకా విచిత్రం జరుగుతుంది. మంచినీళ్లు సున్నా దగ్గర గడ్డకడతాయి. ఉప్పునీరు పూర్తిగా గడ్డకట్టాలంటే మైనస్ 21.1 డిగ్రీల దాకా దిగాలి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐసు పెట్టె అంత కూడా దిగకపోవచ్చు. ఖైమాలోని నీరు మంచుగా మారుతున్నకొద్దీ ఉప్పంతా మిగిలిన ద్రవంలోకి నెట్టుకుపోతుంది. రెండు శాతంగా మొదలైన ఉప్పునీరు మైనస్ 18 దగ్గర ఇరవై శాతం దాటుతుంది. ఇటుకలా బిగుసుకుపోయినట్టు కనిపించే ఖైమా పొట్లం లోపల సన్నటి సందుల్లో చిక్కటి ఉప్పునీరు ద్రవంగానే ఉండి, విడిపడిన ఇనుముతో, చిరిగిన కణపొరలతో కాపురం చేస్తుంటుంది. ఉప్పు కలిపి ఫ్రీజ్ చేసిన ఖైమా, ఉప్పు లేని దానికన్నా ముందు ముక్కడం మాంస పరిశ్రమకు ఎప్పటినుంచో తెలుసు. బక్రీద్‌కు ఈ సంగతి బాగా పనికొస్తుంది. ఖుర్బానీ మాంసం మూడు భాగాలయ్యాక ఇంటి వాటాతో పాటు బంధువులు పంపినదీ వచ్చి చేరుతుంది. ఫ్రీజర్ నిండుతుంది. నెల తర్వాత తీసే పొట్లాల రుచి ఆ రోజు ఉప్పు పట్టించారా లేదా అన్నదాని మీద కొంత ఆధారపడి ఉంటుంది.

ఏ ఉప్పయినా ఇంతేనా అన్నది సహజంగా వచ్చే అనుమానం. నెల్లూరు తీరాన ఇస్కపల్లి నుంచో, బాపట్ల జిల్లా చినగంజాం నుంచో వచ్చే కల్లుప్పులో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం లవణాలూ కొద్దిగా ఉంటాయి. వానాకాలం జాడీలో అది చెమ్మగిల్లేది అందుకే. శుద్ధి చేయని ఉప్పులో లేశమాత్రంగా ఇనుము, రాగి కూడా ఉండవచ్చు, అవి ఆక్సీకరణకు సాయపడే లోహాలే. కానీ శుద్ధమైన ఉప్పు కూడా కొవ్వును ముక్కేలా చేస్తుంది కాబట్టి నేరమంతా మలినాల మీదికి తోయలేం. సైంధవ లవణం వాడితే ఈ బాధ ఉండదన్న ప్రచారానికి అర్థం లేదు. దానిలోనూ తొంభై శాతానికి పైగా సోడియం క్లోరైడే, ఆ గులాబీ రంగు ఇచ్చేది ఇనుప సమ్మేళనాలే.

అయోడిన్ ఉప్పు సంగతి భయపడాల్సినంత కాదు. మన దేశంలో ఉప్పుకు పొటాషియం అయోడేట్ కలుపుతారు. ఇంటికి చేరేసరికి పదిలక్షల భాగాల్లో కనీసం 15 భాగాల అయోడిన్ ఉండాలని నియమం. అంత కొంచెం ముందు మామూలు ఉప్పు ప్రభావమే పెద్దది. ఇనుము కూడా కలిపిన డబుల్ ఫోర్టిఫైడ్ ఉప్పు ఆసక్తికరమైనది. రక్తహీనతకు విరుగుడుగా తెచ్చిన ఈ ఉప్పులో కిలోకు గ్రాము అటూ ఇటూగా ఇనుము ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన రకంలో ఇనుము చిందులు తొక్కకుండా సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే ఫాస్ఫేట్‌ను కాపలా పెట్టారు. కూరలో ఈ ఉప్పు వేసుకోవడం మంచిదే. పచ్చి ఖైమాకు పట్టించి రోజుల తరబడి నిలవ పెట్టడానికి మాత్రం ఇంతకన్నా తప్పు ఎంపిక దొరకదు. ఇనుముకు భయపడే చోటికి ఇనుమును చేతులారా మోసుకెళ్లినట్టే.

రక్తపోటు ఉన్నవాళ్లు వాడే తక్కువ సోడియం ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్. ఆరోగ్యపరంగా దానికి బలమైన వాదనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో దాన్ని వాడమని సూచించింది, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లను మినహాయించి. కొవ్వు ముక్కడం అనే ఒక్క కోణంలో చూస్తే సోడియం స్థానంలో కొంత పొటాషియం వచ్చినంత మాత్రాన సమస్య మాయమవదు. అందులో మిగిలిన సోడియం క్లోరైడ్ తన పని తాను చేస్తూనే ఉంటుంది.

ఉప్పుల కుటుంబంలో ఎదురు పక్షం కూడా ఉంది. పాలీఫాస్ఫేట్లు ఇనుమును బంధించి నోరు నొక్కేస్తాయి. సాసేజ్‌లు, ఫ్రోజెన్ కబాబుల పాకెట్ల వెనక పదార్థాల జాబితాలో ట్రైఫాస్ఫేట్ కనిపించడానికి నీటిని పట్టి ఉంచడం ఒక కారణమైతే, ఇది ఇంకో కారణం. సోడియం నైట్రైట్ ఇంకా బలమైనది. మయోగ్లోబిన్‌లోని ఇనుముతో కలిసిపోయి, దాన్ని స్థిరమైన గులాబీ వర్ణకంగా మార్చేస్తుంది. ఉప్పు ఎక్కువున్నా హామ్, సలామీ ముక్కకపోవడంలో దాని పాత్ర పెద్దది. పాతకాలంలో ఆ పని సూరేకారం చేసేది. ఇవి ఇంటి వంటింట్లో పెట్టుకోదగ్గవి కావు. నైట్రైట్ కొలత కాస్త తప్పితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి వస్తుంది. చూడ్డానికి అది మామూలు ఉప్పులాగే ఉంటుంది, ప్రమాదం అక్కడే.

ఇంట్లో ఉన్న ఎదురు పక్షం మసాలా డబ్బా. లవంగంలోని యూజెనాల్, పసుపులోని కర్కుమిన్, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు, దాల్చినచెక్క అన్నింటికీ ఫ్రీ రాడికల్‌ను పట్టి ఆపే గుణం ఎంతో కొంత ఉంది. లవంగానిది అందరికన్నా పైచేయి. పసుపూ ఉప్పూ కలిపి పట్టించే అలవాటులో పసుపు కొవ్వు వైపు నిలబడితే ఉప్పు ఎదురు నిలబడుతుంది. ఆ జంటలో ఒకరిని ఆపేయడం తేలిక. అనంతపురం జిల్లా దానిమ్మ రైతులకు ఇంకో సంగతి నచ్చుతుంది. దానిమ్మ తొక్క పొడి కషాయాన్ని ఉడికించిన కోడి ప్యాటీల్లో వాడి చూస్తే, కృత్రిమ యాంటీఆక్సిడెంట్ బీహెచ్‌టీకి అది తీసిపోలేదని హైదరాబాద్ చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2008లో చూపారు. తోటల దగ్గర పశువులు కూడా ముట్టక కుప్పపడే తొక్కకు అదొక మర్యాద.

పెరుగు, నిమ్మరసం మాత్రం ఆలోచించి వాడాలి. పులుపు పెరిగితే మయోగ్లోబిన్ త్వరగా గోధుమరంగుకు తిరుగుతుంది. ముక్కల బిర్యానీకి రాత్రంతా పెరుగులో నానబెట్టడం మెత్తదనం కోసం. ఖైమాకు ఆ మెత్తదనం అవసరమే లేదు.

వండేస్తే పీడ పోతుందా అంటే అదీ లేదు. ఉడికేటప్పుడు ప్రొటీన్లు విచ్చుకుని ఇనుము మరింతగా వదులవుతుంది. ఉడికించిన మాంసం ఒకటి రెండు రోజుల ఫ్రిజ్ తర్వాత వేడిచేస్తే వచ్చే పాచి వాసనకు 1958లో టిమ్స్, వాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు పేరు కూడా పెట్టారు: 'వార్మ్‌డ్ ఓవర్'. మన ఖైమా కూరకు ఆ వాసన అంతగా రాకపోవడానికి కారణం నూనెలో ఎర్రగా వేగిన ఉల్లి, అల్లం వెల్లుల్లి, లవంగాలే. ఉప్పు నీళ్లలో ఉత్తగా ఉడికించి 'తర్వాత తాలింపు వేసుకోవచ్చు' అని ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి మాత్రం అన్నింటికన్నా నష్టదాయకం. ఉప్పు ఉంది, ఇనుము వదులైంది, మసాలా కాపలా లేదు.

ముక్కిన ఖైమా తింటే వెంటనే వాంతులో విరేచనాలో అవుతాయని కాదు. అది సూక్ష్మజీవుల గడియారం పని, దానికి గడువు వేరే ఉంది. నాలుగు డిగ్రీల దగ్గర పచ్చి ఖైమా ఒకటి రెండు రోజులకు మించి ఉంచకూడదు, ఉప్పు ఉన్నా లేకున్నా. ఆదివారం ఖైమాను గురువారానికి కింది అరలో దాచడం ఉప్పు సమస్య కన్నా ముందు గడువు సమస్య. రెండు రోజులు దాటుతుందనుకుంటే ఫ్రీజర్‌లోకి పోవాల్సిందే. అక్కడ మూడు నాలుగు నెలల దాకా రుచి నిలుస్తుంది, కరెంటు నిలిస్తే.

ఫ్రీజర్‌లో పెట్టే తీరు కూడా ఉప్పు మానడంతో సమానంగా పనిచేస్తుంది. పావుకిలో చొప్పున పొట్లాలు కట్టాలి. ముద్దలా కాకుండా చపాతీలా అరచేతి మందాన పరిస్తే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. కవరులోంచి గాలిని అరచేత్తో నొక్కి బయటకు తోలి ముడి వేయాలి, ఎందుకంటే మంటకు కావలసిన రెండో సరుకు ఆ గాలే. కావాలంటే పసుపు, దంచిన లవంగం, అల్లం వెల్లుల్లి కలపవచ్చు. కవరు మీద తేదీతో పాటు 'ఉప్పు లేదు' అని రాసిపెట్టుకుంటే వండేరోజు ఉప్పు మరిచిపోవడమో, రెండుసార్లు వేయడమో జరగదు. ముందురోజు రాత్రి కింది అరలోకి దించి, పొద్దున ఉల్లి వేగాక ఖైమా వేసి, అది నీరు విడిచి పలుకు విడిపోయినప్పుడు ఉప్పు చల్లితే సరిపోతుంది.